బృహద్ధమని సన్నదనం: ఆపరేషనా, స్టెంటా?

పుట్టుకతోనే బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతటికీ రక్తాన్ని మోసుకెళ్లే ప్రధాన ధమని) సన్నబడినప్పుడు ఆ భాగాన్ని తీసివేసి రెండు కొసలనూ కలిపి కుట్టే ఆపరేషన్‌ను స్వీడన్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ 1944లో చేశారు. గజ్జల్లోని ధమని గుండా స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) అమర్చే పద్ధతి 1990లలో వాడుకలోకి వచ్చింది.

బిడ్డతోపాటు స్టెంట్ పెరగదు కనుక పసివాళ్లకు సాధారణంగా ఆపరేషనే తగినది. ఎదిగినవారికి స్టెంట్ వల్ల ఛాతీ కోత తప్పుతుంది, త్వరగా ఇంటికి రావచ్చు. కానీ కొందరికి తర్వాత బెలూన్‌తో మళ్లీ వెడల్పు చేయవలసి వస్తుంది. ధమని గోడ ఉబ్బే ప్రమాదం రెండింటిలోనూ ఉంది, ముఖ్యంగా పూర్వం ప్యాచ్ (అతుకు) వేసి కుట్టినవారిలో.

అయితే నా దృష్టిలో అసలు విషయం వేరు. దారి వెడల్పయినా ధమనుల బిరుసుదనం పూర్తిగా పోదు, అందుకే చక్కగా నయమైనవారిలోనూ ఏళ్ల తర్వాత బీపీ పెరుగుతుంది. కావలిలో ఉంటున్న మా మేనల్లుడికి చిన్నప్పుడే ఆపరేషన్ అయింది. పరీక్షకు ఒంగోలు తీసుకువెళితే డాక్టరు గారు ముందు కుడిచేతికి, తర్వాత కాలికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. కాలికంటే చేతిలో 20 పాయింట్లకు మించి ఎక్కువుంటే మళ్లీ సన్నబడిందేమోనని అనుమానించాలి. ఎడమచేతికి వెళ్లే ధమని సన్నబడిన చోటికి దగ్గరగా ఉండటంతో ఆ కొలతను నమ్మలేము. ఈ మాట ప్రతి తల్లీ తండ్రీ గుర్తుపెట్టుకోవాలని నా వేడుకోలు. మా వైపు ఎండుచేపలూ ఊరగాయా లేనిదే ముద్ద దిగదు, కనుక బీపీ పెరగకుండా ఉప్పు తగ్గించడం ఇంటిల్లిపాదీ పూనుకోవలసిన పని.

ఏది చేయించినా, డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎంఆర్ఐ లేదా సీటీ స్కాన్ జీవితాంతం తప్పదు.