ఈస్ట్ కార్బన్ డయాక్సైడ్ కిట్ కొనబోయేవారికి హెచ్చరిక: అందులో ఉన్నది వాల్వ్ కాదు

నిన్న సోమవారం తెల్లవారేసరికి మా ఇంటి అక్వేరియంలోని 14 నియాన్ టెట్రా చేపలూ, చెర్రీ రొయ్యలన్నీ, ఐదు కోరీ చేపలలో రెండూ చచ్చిపోయాయి. మన విజయనగరంలోనే అక్వేరియం సామాను అమ్మే ఒక దుకాణంలో 1,450 రూపాయలు పోసి కొన్న ఈస్ట్ కార్బన్ డయాక్సైడ్ కిట్టే, అంటే నీళ్ళలోని మొక్కలు బాగా పెరగడానికి ఆ వాయువును అందించే సామానే, దీనికి మూలం. దుకాణం పేరు రాయడం లేదు. ఈ ఊళ్ళో మొక్కల ట్యాంకు పెట్టుకున్నవాళ్ళం ఎంతమందిమి? అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కినవాళ్ళమే, కాబట్టి ఎవరి సంగతి చెబుతున్నానో మీకు తెలిసిపోతుంది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గాని, ఈలోగా ఇంకొకరు అదే డబ్బా పట్టుకుని ఇంటికి వెళతారేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మాది రెండడుగుల ట్యాంకు, 54 లీటర్లు. పోయినేడు సిరిమానోత్సవం రోజుల్లో మొదలుపెట్టాను. అందులోని మొక్కల్లో వాలిస్నేరియా బాగానే పెరిగింది గాని, రోటాలా మాత్రం కాడలు సాగి, కింది ఆకులు రాలిపోతూ ఉండేది. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే సిలిండరు, రెగ్యులేటరు పెట్టే స్తోమత నాకు లేదు. పంచదార, ఈస్ట్ కలిపి సీసాలో పులియబెట్టి, వచ్చే వాయువును గొట్టం ద్వారా నీళ్ళలోకి పంపే పద్ధతి చాలామంది ఏళ్ళ తరబడి చేస్తున్నదే. విడి సామాను ఏరి తెచ్చుకునే ఓపిక లేక, అన్నీ కలిపి అమ్ముతున్నారని విని శనివారం సాయంత్రం వెళ్ళాను.

కొనేముందు నేను అడగవలసింది అడిగాను. ఆ మాట మరీ మరీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆ దుకాణదారు ‘మీరు అడగలేదు’ అన్నాడు. పులిసిన నురగ గొట్టం వెంట ట్యాంకులోకి వస్తే ఎలాగని, మధ్యలో నురగ పట్టుకోవడానికి ఇంకొక చిన్న సీసా ఉండాలి కదా అని, ట్యాంకు నీళ్ళు వెనక్కి సీసాలోకి దిగకుండా చెక్ వాల్వ్ ఉందా అని వరుసగా అడిగాను. అతను గొట్టం మధ్యలో ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్కను వేలితో చూపించి, ‘ఇదే మాస్టారూ వాల్వ్, నురగైనా నీళ్ళైనా ఇదే ఆపుతుంది, రెండో సీసా ఎందుకు, అదొక వందా యాభై దండగ’ అన్నాడు. నా వంద రూపాయలు మిగల్చాలని చూస్తున్నాడే అనుకుని సంతోషించాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

డబ్బాలో రెండు లీటర్ల ఖాళీ సోడా సీసా, గొట్టం బిగించిన మూత, వాయువును సన్నని బుడగలుగా వదిలే గాలిరాయి, రెండు పొడి ప్యాకెట్లు ఉన్నాయి. ప్యాకెట్ల మీద తయారు చేసినవాళ్ళ పేరు లేదు, బరువు లేదు, తేదీ లేదు. రెండు కప్పుల పంచదార, ఒక ప్యాకెట్టు మొత్తం వేసి, మెడ దాకా నీళ్ళు పోయమని చెప్పాడు. ఆదివారం ఉదయం పది గంటలకు అలాగే చేసి, సీసాను స్టాండు కింది అరలో, ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన పెట్టాను. అసలే రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నానికే సెకనుకొక బుడగ వచ్చింది. సాయంత్రానికి బుడగలు లెక్కకు అందనంత వేగంగా పొంగుతుంటే అనుమానం వచ్చి అతనికి ఫోను చేశాను. ‘ఎక్కువ వస్తే మొక్కలకు మంచిదే కదా, కంగారు పడకండి’ అన్నాడు. తొమ్మిదింటికి ట్యాంకు లైటు ఆర్పి పడుకున్నాను.

రాత్రి రెండు ప్రాంతంలో కరెంటు పోయింది. తెల్లవారుజామున కళ్ళాపి జల్లడానికి లేచిన మా అమ్మ, ‘ఇంట్లో కల్లు వాసన వేస్తోందేమిట్రా’ అంటూ నన్ను లేపింది. టార్చి వేసి చూస్తే ట్యాంకు నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా ఉన్నాయి. గాలిరాయి నుంచి బుడగలకు బదులు జిగటగా నురగ ఊరుతోంది. నీటి మీద నియాన్లు పక్కకు తిరిగి తేలుతున్నాయి. వెలుతురులో మెరిసే వాటి నీలి గీత బూడిద రంగుకు తిరిగింది. ఒకటి మాత్రం ఇంకా బతికి, ముందు గాజుకు ఆనుకుని, నోరు తెరుస్తూ మూస్తూ, ప్రతిసారీ కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. చెంబుతో దాన్ని తీసి వేరే నీళ్ళలో వేసేలోపే ఆ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ముందు ఆ నురగ ఆగాలని సీసా మూత తిప్పాను. గొట్టం నిండా అప్పటికే ద్రవం ఉండడంతో, సీసాలో ఒత్తిడి తగ్గగానే ట్యాంకు నీళ్ళు వెనక్కి మళ్ళి సీసాలోకి దిగి, నిండి, అంచుల మీదుగా పొంగి స్టాండు అర అంతా పారాయి. ఆ నీళ్ళు ఎక్స్‌టెన్షన్ బోర్డు సాకెట్లలోకి చేరాయి. నేను చెప్పులు లేకుండా అదే నీళ్ళలో నిలబడి ఉన్నాను. ఆ సమయానికి కరెంటు లేదు. ఉండి ఉంటే ఈ హెచ్చరిక రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో.

వెలుతురు వచ్చాక గొట్టం కోసి ఆ తెల్ల ముక్కను బయటకు తీశాను. ఒకవైపు నుంచి నోటితో ఊదాను, గాలి పోయింది. తిప్పి రెండోవైపు నుంచి ఊదాను, అంతే సులువుగా పోయింది. అందులో రబ్బరు రేకు లేదు, స్ప్రింగు లేదు. అది రెండు గొట్టాలను కలిపే మామూలు జాయింటు. తర్వాత మిగిలిన రెండో ప్యాకెట్టు విప్పి టీ చెంచాతో కొలిచాను. ఐదు చెంచాల ఈస్ట్ వచ్చింది. రెండు కప్పుల పంచదార వేసిన రెండు లీటర్ల సీసాకు పావు చెంచా నుంచి అర చెంచా చాలు. అంతే వేస్తే రెండు వారాల పైచిలుకు నిదానంగా వాయువు వస్తుంది. దానికి పదింతలు వేయించి, నురగకు నాలుగు వేళ్ళ చోటు కూడా లేకుండా మెడ దాకా నింపించాడు.

నిన్న పది గంటలకు ఆ ముక్కను, ప్యాకెట్టును, సీసాను సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. గొడవ పెట్టుకోవాలని వెళ్ళలేదు. పొరపాటు జరిగింది అని ఒక్క మాట అంటాడని, ఈ సరుకు అమ్మడం ఆపేస్తానంటాడని అనుకున్నాను. అక్కడ నలుగురైదుగురు కొనేవాళ్ళున్నారు. అందులో ఒకబ్బాయి మా బడిలో చదివినవాడే. నేను జాయింటును కౌంటరు మీద పెట్టి, అతని కళ్ళముందే రెండు వైపులా ఊది చూపించాను. అతను దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ‘దీన్ని వాల్వని నేనెప్పుడన్నాను? మీరు అడగలేదు, నేను చెప్పలేదు’ అన్నాడు. శనివారం ఇదే కౌంటరు దగ్గర నిలబడి వేలితో చూపించి చెప్పిన మాట, రెండు రోజులు తిరగకుండా నా మొహం మీదే కాదన్నాడు. చేపలన్నీ పోయాయయ్యా అన్నాను. అప్పుడు అతను నా వైపు చూడడం మానేసి, లోపల కవర్లు కడుతున్న కుర్రాడితో, ‘ఒరేయ్, ఈ మాస్టారికి చేపలు పెంచడం రాదు గాని, ఓ గోల్డ్ ఫిష్ కట్టి ఇచ్చి పంపెయ్’ అన్నాడు.

ఆ కుర్రాడు నిజంగానే వల ముంచి ఒక చేపను పట్టి, కవరులో నీళ్ళు పోసి, రబ్బరు బ్యాండు చుట్టి నా ముందు పెట్టాడు. వాడి తప్పేమీ లేదు, చెప్పిన పని చేశాడు. ఆ కవరులో చేప తిరుగుతూ ఉంటే, కౌంటరు ముందు అందరూ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూస్తుంటే, నాకు నోట మాట రాలేదు. ముప్ఫై మంది పిల్లల ముందు రోజూ గొంతెత్తి మాట్లాడేవాణ్ణి. నా శిష్యుడు తల దించుకుని బయటకు వెళ్ళిపోయాడు. డబ్బు పోయిన బాధ ఒక పూట ఉంటుంది, చేపల బాధ కొన్నాళ్ళు ఉంటుంది గాని, బేరం చెల్లాక మనిషిని మనిషిగా చూడని ఆ చూపు నిన్నటి నుంచి నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. చేపను అక్కడే వదిలేసి వచ్చేశాను. డబ్బు అడిగితే, ‘సీలు తీసిన సరుకు మేం వెనక్కి తీసుకోం’ అన్నాడు. అతనిచ్చిన బిల్లు మీద ‘సామాన్లు 1,450’ అని తప్ప ఇంకేమీ లేదు. అది నేను ఇంటికి వచ్చాక చూసుకున్నాను.

నా తప్పును నేను దాచుకోను. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేవాణ్ణి నేను. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఈస్ట్ రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులనూ, రెండు ఆల్కహాల్ అణువులనూ తయారు చేస్తుందని ఏటా నల్లబల్ల మీద రాస్తాను. వేడి పెరిగేకొద్దీ ఆ పని వేగం పుంజుకుంటుందని నాకు తెలుసు. సీసా నుంచి ట్యాంకు వైపు వచ్చేదాన్ని దేన్నీ చెక్ వాల్వ్ ఆపదని, అది ఆపేది వెనక్కి మళ్ళే నీళ్ళనే అని ఒక్క నిమిషం ఆలోచించినా తట్టేది. నురగైనా నీళ్ళైనా ఆపుతుందని అతను అన్న క్షణాననే, ఈ మనిషికి తాను అమ్మేదేమిటో తెలియదని గాని, తెలిసీ అబద్ధం చెబుతున్నాడని గాని నేను పసిగట్టవలసింది. ఊది చూసుకోవడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నేను వెచ్చించలేదు, 16 చేపలు పోయాయి.

కరెంటు పోవడం అతని తప్పు కాదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకుంటాను. ఫిల్టరు నడుస్తూ ఉంటే పైనీళ్ళు కదిలి కొంత కార్బన్ డయాక్సైడ్ బయటకు పోయేది, కొంత ఆక్సిజన్ లోపలికి కలిసేది. అది ఆగింది. చీకట్లో మొక్కలు ఈ వాయువును వాడుకోవు, పైగా చేపల్లాగే అవీ ఆక్సిజన్ తీసుకుంటాయి. సీసాకు మాత్రం రాత్రని, కరెంటు లేదని తెలియదు, అది పొంగుతూనే ఉంటుంది. దానికి తోడు నురగతో వచ్చిన పంచదార, ఆల్కహాలు నీళ్ళలో కలిస్తే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి మిగిలిన ఆక్సిజన్నూ లాగేస్తుంది. నీళ్ళు తెల్లబడడానికి అదీ ఒక కారణం కావచ్చు. కోరీలు మూడు బతికాయంటే, అవి పైకి వచ్చి గాలి గుటక వేసి పేగుతో ఊపిరి తీసుకోగలవు కాబట్టి. టెట్రాలకు ఆ వెసులుబాటు లేదు. ఈ పద్ధతిలో సీసాను రాత్రికి ఆపేయడం కుదరదన్న ఒక్క ముక్క అమ్మేటప్పుడు చెప్పి ఉంటే, ఆ రాత్రి గొట్టాన్ని నీళ్ళలోంచి తీసి బయట పడేసేవాణ్ణి. సాయంత్రం నేను ఫోను చేసినప్పుడైనా ఆ మాట చెప్పలేదు, కంగారు పడకండన్నాడు.

ఇక ఆ కిట్ ఇప్పటికే కొన్నవారు ఈ రోజే గొట్టంలోని ముక్కను తీసి రెండు వైపులా ఊదండి. రెండు వైపులా గాలి పోతే అది వాల్వ్ కాదు. మధ్యలో కొంచెం నీళ్ళు పోసిన ఇంకొక చిన్న ప్లాస్టిక్ సీసా తప్పకుండా పెట్టండి, నురగ అందులోనే ఆగిపోతుంది, బుడగలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. గొట్టం మూసుకుపోతే ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది కాబట్టి గాజు సీసా ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. ఈస్ట్ పావు చెంచాతో మొదలుపెట్టండి, రాత్రి గొట్టం బయటకు తీయండి లేదా బ్యాటరీతో నడిచే గాలిపంపు పెట్టండి, కరెంటు బోర్డును నీటి మట్టం కన్నా పైన బిగించండి. జావా ఫెర్న్, అనూబియాస్, వాలిస్నేరియా లాంటి మొక్కలు మాత్రమే ఉన్నవారికి అసలు ఇదేదీ అవసరం లేదు.

బిల్లులో ప్రతి వస్తువు పేరూ రాయించుకోండి. నా దగ్గర అలాంటి బిల్లు లేకపోయినా, ఫోను ద్వారా డబ్బు కట్టిన ఆధారం ఉంది, పేరూ బరువూ లేని ఆ రెండో ప్యాకెట్టు ఉంది. వాటితో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈ మధ్యాహ్నమే ఫిర్యాదు చేశాను. కోసి తీసిన జాయింటును పారేయకుండా ఒక అగ్గిపెట్టెలో దాచి ఉంచాను. అదే దుకాణంలో ఇదే కిట్ కొన్నవారు మన జిల్లాలో గాని, శ్రీకాకుళం వైపు గాని ఉంటే, మీ గొట్టంలోని ముక్కను కూడా పారేయకండి, ఫోటో తీసి నాకు పంపండి, ఫిర్యాదుకు జత చేస్తాను.