బ్రేక్ పైపులకని ఫ్లేరింగ్ కిట్ కొంటున్నారా? పెట్టె తెరవగానే ఇవి చూడండి

రంధ్రాలున్న రెండు బార్లు, వాటి మీద కూర్చునే, కొసన కోన్ ఉన్న స్క్రూ యోక్ (చట్రం), పైపు మూతిని మడిచే నాలుగైదు బిళ్లలు, ఒక చిన్న పైప్ కట్టర్. "ఏసీ, ఫ్రిజ్, గ్యాస్, బ్రేక్, అన్నిటికీ పనికొస్తుంది" అని రాసి అమ్మే చవక కిట్ల సంగతి ఇది. బ్రేక్ పని వరకు ఆ మాట నమ్మొద్దు. వీటితో వేసిన ఫ్లేర్, అంటే సీలు నిలవడానికి విప్పిన పైపు మూతి, చూడ్డానికి బాగానే ఉంటుంది. నట్టు బిగుస్తుంది, బ్రేక్ లైనులోంచి గాలి తీశాక పెడల్ కూడా గట్టిగానే తగులుతుంది. కారడం ఆ తర్వాత మొదలవుతుంది. అప్పటికి బండి రోడ్డు మీద ఉంటుంది.

కారు టైరులో గాలి ఒత్తిడి 2 బార్‌కి (ఇక్కడ బార్ అంటే ఒత్తిడి కొలత) కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బ్రేక్ గట్టిగా తొక్కితే పైపులో 70 నుంచి 100 బార్ దాకా వస్తుంది, ఒక్కసారిగా అదిమితే ఇంకా పైకి పోతుంది. ఫ్రిజ్ పైపు మీద నిలిచే ఫ్లేర్ ఇక్కడ కూడా నిలుస్తుందని అనుకోకూడదు.

మొట్టమొదట బిళ్లలు ఉన్నాయో లేదో చూడండి. కొన్ని కిట్లలో కోన్ ఒక్కటే ఉంటుంది. అంటే అది సింగిల్ ఫ్లేర్ మాత్రమే వేస్తుంది, పైపు మూతిని ఒక పొరగా విప్పుతుంది. మెత్తటి రాగి పైపుకి అది చాలు. బ్రేక్ పైపు గోడ మందం 0.7 నుంచి 0.9 మి.మీ. ఉంటుంది. స్టీలు పైపు మూతిని ఒక పొరగా విప్పితే అంచు చీలుతుంది. చీలిక కంటికి కనపడకపోయినా నట్టు బిగింపుకి, వణుకుకి అది పెరుగుతుంది. బ్రేక్ లైనుకి కావలసింది మూతిని రెండు పొరలుగా మడిచే డబుల్ ఫ్లేర్, లేదా మీ బండిలో అలా ఉంటే పుట్టగొడుగు తలలా ఉండే బబుల్ ఫ్లేర్. బిళ్లలు లేని కిట్ వస్తే ఆలోచించకుండా వెనక్కి పంపండి.

బిళ్లలున్నా సైజులు కుదరాలి. కార్లలో ఎక్కువగా కనిపించే బ్రేక్ పైపు 3/16 అంగుళం, అంటే 4.75 మి.మీ. కిట్ బార్ మీద 4, 5, 6, 8 అని మాత్రమే ఉంటే 4.75 పైపు 5 మి.మీ. రంధ్రంలో నిలవదు. 6 మి.మీ. పైపును పావు అంగుళం రంధ్రంలో పెట్టినా అంతే, అక్కడ 0.35 మి.మీ. తేడా ఉంది. పైపు పెట్టి రెక్క నట్లు బిగించాక పైపు దగ్గర రెండు బార్ల మధ్య సన్నటి సందు మిగలాలి. బార్లు ఒకదానికొకటి పూర్తిగా ఆనిపోతే పట్టంతా బార్ల మధ్యే ఉంది, పైపు మీద లేదు. స్క్రూ తిప్పగానే పైపు కిందికి జారుతుంది, ఫ్లేర్ పొట్టిగానో ఒక పక్కకి ఒరిగో వస్తుంది. చవక కిట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. బార్లను వైస్‌లో అడ్డంగా బిగిస్తే కొంత ఆగుతుంది, కానీ సైజు తప్పిన రంధ్రాన్ని వైస్ కూడా సరిచేయలేదు.

తర్వాత ప్రతి బిళ్ల నడుమ ఉండే ముల్లు. లోహం మెత్తనిదైతే స్టీలు పైపు మీద రెండు మూడు ఫ్లేర్లకే వంగుతుంది, లేదా విరిగి పైపులో ఇరుక్కుంటుంది. అలా విరిగితే ఆ ముక్కను పొడిచి లోపలికి తోయొద్దు. అంత మేర పైపు కోసేయాలి. కోన్ కూడా చూడండి: స్క్రూతో పాటు కోన్ తిరిగితే అది ఫ్లేర్ లోపలి ముఖాన్ని గీకుతుంది. సీలు నిలిచేది ఆ ముఖం మీదే. స్క్రూ తిరుగుతున్నా కోన్ నిలకడగా ఉండాలి.

ఇక రివ్యూల్లోని ఫొటోలు. నిగనిగలాడే ఫ్లేర్ పెట్టి ఐదు నక్షత్రాలు ఇచ్చినవి చాలావరకు మెత్తటి రాగి పైపు మీద వేసినవే. రాగి మీద ఏ టూల్ అయినా బాగానే పనిచేస్తుంది. మీరు వాడబోయే పైపు మీద వేసిన ఫొటో కనపడనంతవరకు ఆ నక్షత్రాలకు విలువ ఇవ్వకండి. కిట్‌తో పాటు చుట్టగా వచ్చే పైపు విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. పూర్తి రాగి పైపు బ్రేకులకు పనికిరాదు. బండి వణుకుకి అది గట్టిపడి పెళుసై పగులుతుంది. కావలసింది కుప్రోనికెల్, అంటే 90 శాతం రాగి, 10 శాతం నికెల్ ఉన్న పైపు, లేదా పూత ఉన్న బ్రేక్ స్టీలు పైపు. చుట్ట మీద పదార్థం పేరు రాసి లేకపోతే వాడొద్దు. స్టెయిన్‌లెస్ పైపు జోలికి ఈ బార్ కిట్‌తో అసలు పోవద్దు.

పెట్టెలో ఇచ్చే నట్లు ఇంకో ఉచ్చు. 3/8 అంగుళం నట్టు (అంగుళానికి 24 మరలు), ఎం10 × 1 నట్టు (మరల మధ్య దూరం 1 మి.మీ.) పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. మొదటిది 9.5 మి.మీ., రెండోది 10. ఎం10 రంధ్రంలో 3/8 నట్టు వదులుగా ఎక్కి, బిగించేకొద్దీ మరలు తినేస్తుంది. పోయేది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) మరలు. కాబట్టి పాత నట్టును కొలిచి, దాని పక్కన పెట్టి చూశాకే కొత్తది వాడండి. ఫ్లేర్ రకం కూడా పాతదాన్ని చూసే తేల్చుకోవాలి. గరాటులా విప్పి ఉంటే డబుల్, పుట్టగొడుగు తలలా ఉంటే బబుల్. ఒకదాని సీటులో, అంటే ఫ్లేర్ ఆనే చోట, ఇంకొకటి ఆనదు. డబుల్ ఫ్లేర్ పనిని సగంలో ఆపితే బబుల్ అవుతుందని కొందరు చెప్తారు, అది తప్పు. దాని వెనక వైపు ఆకారం వేరు, దానికి వేరే డై (అచ్చు) కావాలి.

కిట్ ఉంచుకోవాలా పంపాలా అన్నది బండి దగ్గరికి వెళ్లకముందే తేలిపోవాలి. మీరు వాడబోయే పైపు నుంచే ఆరు ముక్కలు కోయండి. కట్టర్‌తో కొద్దికొద్దిగా బిగిస్తూ తిప్పాలి, హ్యాక్సా వద్దు. లోపలి అంచును రీమర్‌తో (రంధ్రం అంచు గీకే పనిముట్టు), బయటి అంచును ఆకురాయితో నున్నగా చేసి, పొడి మొత్తం దులపండి. నట్టును ముందే పైపులోకి ఎక్కించడం అలవాటు చేసుకోండి, ఫ్లేర్ వేశాక అది ఎక్కదు. బార్ రంధ్రం ఏటవాలుగా చెక్కిన వైపే పైపు కొస రావాలి. బిళ్ల అంచు మందం ఎంతో అంతే బయటికి ఉంచి, కొస మీద ఒక చుక్క బ్రేక్ ఆయిల్ వేయండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగలనివ్వొద్దు, బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. బిళ్ల బార్‌కి ఆనేదాకా బిగిస్తే మూతి లోపలికి ముడుచుకుంటుంది. బిళ్ల తీసి కోన్‌తో బిగిస్తే అది మడతపడి రెండు పొరల 45 డిగ్రీల గరాటు అవుతుంది. కోన్‌ను మితిమీరి బిగిస్తే మూతి పలచబడుతుంది.

ఆరు ముక్కల్నీ భూతద్దంతో చూడండి. చుట్టూ వెడల్పు సమానంగా ఉండాలి. చీలిక, గీత, ఒక పక్క పొట్టిగా ఉండటం, మడత సగంలో ఆగిపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ ఫ్లేర్ పనికిరాదు. వరసగా ఆరూ బాగా రాకపోతే ఆ కిట్‌ను వెనక్కి ఇచ్చే గడువు లోపలే పంపేయండి. దాని బదులు వైస్‌లో పట్టే రకం చూడండి, రెండు ముక్కల డై, విడిగా ఓపీ 1, ఓపీ 2 (మొదటి దశ, రెండో దశ) అని గుర్తున్న పంచ్‌లు ఉంటాయి. డై తన నిడివి పొడుగునా పైపును పట్టుకుంటుంది కాబట్టి జారదు. అది కుదరకపోతే పాత పైపును కొలిచి, రెండు కొసలూ ఫ్లేర్ వేసి ఉన్న రెడీ పైపు కొనుక్కోవడం మేలు. ఒక్క పైపు కోసమే అయితే ఎవరికైనా మేము చెప్పేది అదే.

ఇప్పటికే ఇలాంటి కిట్‌తో పైపు మార్చినవాళ్లు బండిని నిలిపి ఉంచి ఒకసారి చూసుకోండి. జాయింట్లు పొడిగా తుడిచి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టమని ఒకరికి చెప్పండి. పెడల్ మెల్లగా కిందికి దిగినా, నట్టు చుట్టూ పెట్టిన తెల్ల కాగితానికి తడి అంటినా బండి తీయొద్దు. కొత్త ఫ్లేర్ అయితే నట్టును వదులు చేసి ఫ్లేర్ నట్ పానాతో రెండు మూడుసార్లు తిరిగి బిగిస్తే కూర్చోవచ్చు. అప్పటికీ తడి వస్తే బలం పెట్టి బిగించకండి, సీటు పాడవుతుంది. కోసి కొత్తగా వేయాలి, మళ్లీ గాలి తీయాలి. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లకు గాలి తీయడానికి స్కాన్ టూల్ (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) కావాలి, మాన్యువల్ చూసుకోండి. తడి రాకపోయినా మర్నాడు ఒకసారి, కొన్ని రోజులు నడిపాక ఇంకోసారి అదే కాగితంతో చూడండి.