బీ660 మదర్‌బోర్డ్‌పై 12700కే: తాళం ఉన్న చోట ఎంత వేగం రాబట్టవచ్చు?

ఇంటెల్ కోర్ ఐ7-12700కే ప్రాసెసర్‌ను బీ660 చిప్‌సెట్ (బోర్డు ఏయే సౌకర్యాలు ఇవ్వగలదో నిర్ణయించే చిప్) ఉన్న ఒక చిన్న మదర్‌బోర్డ్‌పై బిగించి కొన్ని నెలలుగా వాడుతున్నాను. పేరు చివర ఉన్న ‘కే’ అక్షరానికి అర్థం ఆ ప్రాసెసర్ మల్టిప్లయర్‌కు, అంటే మూల గడియార వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెకు, తాళం లేదని. అయితే ఆ మల్టిప్లయర్‌ను పెంచాలంటే జడ్ శ్రేణి చిప్‌సెట్ కూడా ఉండాలి. ఈ సంగతి తెలిసే బోర్డును తీసుకున్నాను కాబట్టి, లేని సౌకర్యం లేదని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉన్నంతలో ఈ బోర్డు ఎంత నిజాయితీగా పనిచేస్తుందన్నదే నేను చూడదలచుకున్నాను.

మొదటి అభ్యంతరం బోర్డు అమరికలను మార్చుకునే బయోస్‌తోనే మొదలవుతుంది. అందులో ‘ఓవర్‌క్లాకింగ్’ పేరుతో ఒక పూర్తి పేజీ ఉంది. మల్టిప్లయర్ గడిలో 52 అని (అంటే 5.2 గిగాహెర్ట్జ్‌కు) నమోదు చేస్తే బోర్డు ఏ హెచ్చరికా లేకుండా స్వీకరించింది. విండోస్‌లోకి వెళ్లి చూస్తే మాత్రం పెద్ద కోర్‌లు ఎనిమిదీ కలిసి పనిచేసేటప్పుడు ఎప్పటిలాగే 4.7 గిగాహెర్ట్జ్ వద్దే ఉన్నాయి. వేగాన్ని తగ్గించడానికి పనిచేసే గడి పెంచడానికి పనిచేయనప్పుడు, ఆ మాట అక్కడే రాయడం తయారీదారు బాధ్యత. కొత్తగా నేర్చుకునేవారు దీనివల్ల తమ కూలర్‌నో విద్యుత్ సరఫరానో అనుమానిస్తూ రోజులు పోగొట్టుకుంటారు.

మల్టిప్లయర్‌ను కదపకుండా మూల గడియార వేగాన్నే పెంచే బేస్ క్లాక్ మార్గం కూడా ఇక్కడ మూసే ఉంది. 2011లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్‌ల శాండీ బ్రిడ్జ్ తరంలో ప్రాసెసర్‌కూ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వంటి ఇతర భాగాలకూ ఒకే క్లాక్ ఆధారం కావడంతో దానిని కొద్ది శాతానికి మించి కదిలించే వీలు లేకపోయింది. 2015 నాటి స్కైలేక్‌లో ఆ ముడి విడిపోయాక కొందరు తయారీదారులు తాళం ఉన్న ప్రాసెసర్‌లకూ వేగం పెంచుకునే బయోస్‌లు విడుదల చేశారు. ఇంటెల్ ఆ దారిని త్వరలోనే మూయించింది. బీ660 బోర్డుల్లోనూ ప్రత్యేక క్లాక్ జనరేటర్ ఉన్నవి కొన్ని వచ్చాయి. నా బోర్డు ఆ కోవకు చెందినది కాదు.

ఇక నిజంగా ఫలితమిచ్చేది పవర్ లిమిట్, అంటే ప్రాసెసర్ వాడుకోగల విద్యుత్తుకు బోర్డు పెట్టే పరిమితి. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ ప్రకటించిన మూల విద్యుత్ 125 వాట్లు, గరిష్ఠ టర్బో విద్యుత్ 190 వాట్లు. బోర్డు మొదట దీర్ఘకాలిక పరిమితిని 125 వద్దే ఉంచుతుంది కాబట్టి, వీడియో రెండరింగ్ మొదలుపెట్టిన తొలి నిమిషంలో కనిపించిన చురుకుదనం ఆ తరువాత తగ్గిపోతుంది. దాన్ని 190కి పెంచగానే వేగం పూర్తిగా నిలబడింది, కానీ సుమారు పావుగంటకు మళ్లీ పడిపోయింది. ఈసారి కారణం ప్రాసెసర్ కాదు. దానికి విద్యుత్తును అందించే వీఆర్‌ఎం వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్‌ను నెమ్మదింపజేసింది. బోర్డు ఎడమ అంచున ఉన్న వీఆర్‌ఎంకు చిన్న హీట్‌సింక్ అమర్చి, పై అంచున ఉన్న భాగాన్ని ఏ కవచమూ లేకుండా వదిలేశారు. ఇంతటి ప్రాసెసర్ ఈ బోర్డులో పనిచేస్తుందని జాబితాలో చూపేటప్పుడు చేయకూడని పొదుపు ఇది.

వోల్టేజ్ తగ్గించి ఆ వేడిని అదుపు చేద్దామని ప్రయత్నించాను. గడియార వేగం తగ్గినట్టు చూపకపోయినా పని మాత్రం నెమ్మదించింది, ఎందుకంటే వోల్టేజ్ తాను ఆశించిన దానికన్నా తగ్గినప్పుడు జోక్యం చేసుకునే రక్షణ ఏర్పాటు ప్రాసెసర్‌లో ఉంది, దాన్ని ఆపే మీట ఈ బయోస్‌లో లేదు. ప్రాసెసర్ కోరే వోల్టేజ్‌ను ప్రభావితం చేసే ఏసీ లోడ్‌లైన్ అనే విలువను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ రెండర్ సమయాన్ని పోల్చి చూసుకుంటే కొంత మేలు కలిగింది.

మెమరీ విషయంలో ఫిర్యాదు లేదు. ర్యామ్‌ను దాని ప్రకటిత వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ ఎంపికతో డీడీఆర్4-3600 ర్యామ్ గేర్ 1లో (మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమాన వేగంతో నడిచే పద్ధతి) మొదటిసారే స్థిరంగా నడిచింది.

మల్టిప్లయర్‌ను స్వయంగా పెంచాలనుకునేవారికి ఈ బోర్డు తగదు. వారు జడ్690 వైపు వెళ్లాలి, లేదా బీ శ్రేణి చిప్‌సెట్‌లపైనా మల్టిప్లయర్ మార్చుకోనిచ్చే ఏఎమ్‌డీ రైజెన్‌ను ఎంచుకోవాలి. 65 వాట్ల ప్రాసెసర్‌కు మాత్రం దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను. నా 12700కేను ప్రస్తుతం 150 వాట్ల పరిమితితో, వీఆర్‌ఎం మీదకు గాలి తగిలేలా ఒక ఫ్యాన్ అదనంగా బిగించి నడుపుతున్నాను. ఈ అమరికలో గంటసేపు సాగిన రెండరింగ్‌లోనూ వేగం పడిపోలేదు.