ఏడాదిన్నరగా నలుగురం కలిసి ఆన్‌లైన్‌లో చదువుకుంటున్నాం

ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్లే వీల్లేక, ఏడాదిన్నర కిందట నలుగురం కలిసి, డేటాబేస్ నుంచి సమాచారం తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టాం. నేను కూకట్‌పల్లి, ఇద్దరు ఉప్పల్, ఒక అక్కది దిల్‌సుఖ్‌నగర్. ఆమె పాప పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నరకు గూగుల్ మీట్‌లో కలుస్తాం. సారు ఎవరూ లేరు.

మొదటి రెండు నెలల్లో ఒరిగిందేమీ లేదు. ఒకరు స్క్రీన్ షేర్ చేసి చెబుతుంటే మిగతావాళ్లం మ్యూట్‌లో ఉండి, చివర్లో "ఆ, అర్థమైంది" అనేవాళ్లం. గూగుల్ డాక్స్‌కు మారాకే చదువు ఒంటబట్టింది. ప్రశ్నకు జవాబు ముందు ఎవరికి వాళ్లం కాగితం మీద రాసుకుంటాం, తర్వాత అందరం ఒకేసారి డాక్‌లో ఎక్కిస్తాం. అప్పుడు వాదన. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ క్లాసుల్లో 1991 నుంచి నడిపిన పద్ధతి దాదాపు ఇదేనని తర్వాత తెలిసింది. దిద్దడమంతా సజెషన్ మోడ్‌లోనే. నా తప్పు చెరిగిపోకుండా, అడ్డగీతతో అక్కడే ఉంటుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

ఒక రోజు లెఫ్ట్ జాయిన్ రాశాను. అంటే ఆర్డర్లు లేకపోయినా కస్టమర్లందరినీ ఉంచుతూ, వాళ్ల టేబుల్‌ను ఆర్డర్ల టేబుల్‌తో కలపడం. కస్టమర్ల టేబుల్‌లో వంద మంది, రిజల్ట్‌లో 62 మందే.

"అక్కా, మిగిలినోళ్లు ఏడికి పోయిండ్రు?" అని నన్ను అడిగాడు ఉప్పల్ తమ్ముడు.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై నిమిషాలు తన్నుకులాడాక దొరికింది: ఆర్డర్ పెట్టనివాళ్ల వరుసలో తేదీ నల్‌గా, అంటే విలువే లేకుండా ఉంటుంది, తేదీ షరతును నేను వరుసలను వడపోసే వేర్‌లో పెట్టడంతో ఆ వరుసలన్నీ ఎగిరిపోయాయి. దాన్నే టేబుళ్లను కలిపే షరతు రాసే ఆన్‌లోకి మార్చితే వంద మందీ వచ్చారు. ఇంటర్వ్యూలో ఇదే అడిగితే తడుముకోకుండా చెప్పాను.

ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే మీట్ 60 నిమిషాలే. ఆ గడువు మాకు మంచే చేసింది, పలకరింపులు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. చాట్ గ్రూపు మాత్రం సమయం చెప్పుకోవడానికే వాడండి. అందులో అడిగిన సందేహం వారం తర్వాత వెతికితే దొరకదు.

అందరూ కొత్తవాళ్లే అయితే జాగ్రత్త. నల్‌ను నల్‌తో పోలిస్తే సమానమే వస్తుందని మూడు వారాలు నలుగురమూ తప్పుగా నమ్మాం, ఎవరికీ అనుమానమే రాలేదు. అందుకే ఇప్పుడు నెలకోసారి డాక్ లింకును కామెంట్ అనుమతితో ఒక సీనియర్‌కు పంపుతున్నాం. పోయిన నెల ఆయన పదకొండు కామెంట్లు పెట్టారు, నాలుగు నా జవాబుల మీదే. వాటితోనే ఈ శనివారం కూర్చుంటాం.