18 నెలలు వాడిన వర్చువల్ సర్వర్: యంత్రానికి మంచి మార్కులు, బ్యాకప్‌కు కాదు

ఒక మధ్యస్థాయి కంపెనీ దగ్గర 18 నెలలుగా వర్చువల్ సర్వర్ (ఒక పెద్ద భౌతిక యంత్రంలో సొంత సర్వర్‌లా పనిచేసే భాగం) అద్దెకు తీసుకుని వాడుతున్నాను. ఒక చిన్న సంస్థ చందాదారుల వివరాలు, రసీదులు, వాళ్లు స్కాన్ చేసి పంపే కాగితాలు దాని మీద ఉన్నాయి. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాయబోయే లోటు ఆ ఒక్క కంపెనీది మాత్రమే కాదు. ఇటువంటి ఏర్పాటు చాలాచోట్ల ఉన్నదే. యంత్రం పనితీరు గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అదనపు రుసుము తీసుకుని, డేటా భద్రత పేరుతో వాళ్లు ఇచ్చే రోజువారీ స్నాప్‌షాట్ (డిస్క్ మొత్తం ఆ క్షణాన ఎలా ఉందో అలా తీసి ఉంచే ప్రతి) సదుపాయం మాత్రం, సర్వర్ నిజంగా కూలిన రాత్రి నా అవసరానికి అందిరాలేదు.

ముందు ఎంపిక సంగతి. ప్లాన్ల పట్టికలో కోర్లు, ర్యామ్, డిస్క్ పరిమాణం పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి గాని, అసలు తెలుసుకోవలసినవి ఆ పట్టికలో ఉండవు. ఇచ్చేది కేవీఎం పద్ధతిలో నడిచే సర్వరా, కంటైనరా అన్నది మొదట అడగాలి. 2007లో విడుదలైన 2.6.20 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) భాగమైన కేవీఎంలో మన సర్వర్‌కు సొంత కెర్నల్ ఉంటుంది. ఓపెన్‌వీజెడ్ వంటి కంటైనర్లలో హోస్ట్ యంత్రం (ఇవన్నీ నడిచే భౌతిక యంత్రం) కెర్నల్‌నే అందరూ పంచుకుంటారు కాబట్టి, కెర్నల్‌కు జోడించే ఒక మాడ్యూల్ ఎక్కించుకోవాలన్నా కంపెనీ దయ మీద ఆధారపడవలసి వస్తుంది. నేను కంటైనర్లను జాబితాలోంచి తీసేసి, మూడు కేవీఎం కంపెనీల్లో అతి చిన్న ప్లాన్లను ఒక్కో నెలకు తీసుకున్నాను.

ఒకే భౌతిక యంత్రం మీద ఎంతమంది ఖాతాదారులను ఎక్కించారో ఏ కంపెనీ చెప్పదు. సర్వర్ మాత్రం చెబుతుంది. టాప్ కమాండ్ కొడితే పైభాగంలో ప్రాసెసర్ అంకెలున్న వరుస చివర, ఎస్‌టీ అన్న రెండు అక్షరాల ముందు ఒక శాతం కనిపిస్తుంది. మన సర్వర్‌కు పని ఉన్నా, హోస్ట్ యంత్రం ప్రాసెసర్‌ను వేరొకరికి ఇచ్చినందువల్ల మనం ఖాళీగా కాచుకుని ఉన్న సమయం అది. ప్రతి 5 నిమిషాలకు ఆ అంకెను ఒక ఫైల్‌లోకి రాయించి, వారం తర్వాత తెరిచి చూశాను. ఒకచోట రాత్రింబవళ్లు 2 దాటలేదు. ఇంకొకచోట పగలంతా సున్నా, సాయంత్రం 7 గంటలయ్యేసరికి 12, 15, ఒకసారి 31. మూడోచోట 5, 6 మధ్య ఊగుతూ ఉంది. పట్టికలో మూడింటి కోర్లూ ఒకటేనన్నది గుర్తుంచుకోవాలి.

డిస్క్ వేగం కొలవడంలో చాలామంది చేసే పొరపాటే నేనూ మొదట చేశాను. డీడీ కమాండ్‌తో ఒక పెద్ద ఫైల్ రాయించి, వచ్చిన అంకె చూసి మురిసిపోయాను. ప్రత్యేకంగా అడిగితే తప్ప ఆ రాతలో ఎక్కువ భాగం ర్యామ్‌లోని కాష్‌లోకే (తాత్కాలిక నిల్వలోకే) పోతుందని తర్వాత గుర్తుకొచ్చింది. డేటాబేస్ చేసే పని వేరు. అది ఒక చిన్న ముక్క రాసి, ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్క్‌కు చేర్చమనే ఆదేశం) పిలిచి, ముక్క డిస్క్‌కు చేరిందన్న జవాబు వచ్చాకే తర్వాతి అడుగు వేస్తుంది. ఎఫ్ఐఓ అనే పరీక్షా సాధనంతో అదే తీరులో కొలిచినప్పుడు, ఎస్‌టీ అంకె తక్కువగా ఉన్న ఆ మొదటి కంపెనీ మిగిలిన రెండింటికన్నా ఏడెనిమిది రెట్లు వేగంగా జవాబిచ్చింది. అంత తేడా ఎందుకని అనుమానించవలసిన చోట నేను సంతోషించి, అక్కడే ఏడాదికి డబ్బు కట్టేశాను.

99.9 శాతం అందుబాటు హామీ గురించి ఒక్క మాట: 30 రోజుల నెలలో అది 43 నిమిషాల 12 సెకన్ల ఆగుదలను అనుమతిస్తుంది. అంతకు మించితే అద్దెలో కొంత భాగం తర్వాతి బిల్లులో తగ్గిస్తారు, అదీ మనం టికెట్ (సహాయ విభాగానికి రాతపూర్వక ఫిర్యాదు) పెట్టి అడిగితే. ఆ హామీలో డేటా ప్రస్తావన ఉండదు.

పదకొండో నెలలో ఒక రాత్రి 1.40కి సర్వర్ మాయమైంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఆకుపచ్చగా ఉండవలసిన గుర్తు బూడిదరంగులో ఉంది, రీబూట్ బటన్ నొక్కితే తిరుగుతూనే ఉంది. హోస్ట్ యంత్రానికి కరెంటు అందించే భాగం చెడిపోయిందని టికెట్‌కు 35 నిమిషాల్లో జవాబు వచ్చింది. అర్ధరాత్రి దాటాక అంత త్వరగా ఒక మనిషి స్పందించినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. యంత్రం తిరిగి లేచేసరికి 5.30 అయింది. లేచింది గాని, నా డేటాబేస్ ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్ లేవలేదు. లాగ్‌లో ఒక పేజీ (డేటాబేస్ ఫైల్‌లోని ఒక ముక్క) చెడిపోయిందన్న వరుస, దాని కింద డేటాబేస్ తనంత తాను ఆగిపోయినట్టు మరో వరుస, మళ్లీ అదే జంట, నిమిషానికి రెండుసార్లు చొప్పున.

మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వ చేసే భాగమైన ఇన్నోడీబీ మామూలుగా కరెంటు పోయినా తట్టుకుంటుంది. రాయబోయే మార్పును ముందు తన లాగ్‌లో రాసుకుని, అది డిస్క్ చేరిందని ఖాయం చేసుకున్నాకే లావాదేవీ పూర్తయిందని చెబుతుంది కాబట్టి, లేచిన తర్వాత ఆ లాగ్ చూసి సర్దుకుంటుంది. చేరిందని డిస్క్ అబద్ధం చెబితే మాత్రం అది చేయగలిగింది లేదు. రెండు రోజుల తర్వాత టికెట్‌లో అసలు కారణం రాశారు: హోస్ట్‌లోని రెయిడ్ కార్డు (అనేక డిస్కులను కలిపి నడిపే పరికరం), రాతలను తన కాష్‌లో ఉంచుకుని వెంటనే జవాబిచ్చే పద్ధతిలో ఉందట, కరెంటు పోయినప్పుడు ఆ కాష్‌ను కాపాడవలసిన బ్యాటరీ చెడిపోయి ఉందట. నన్ను మురిపించిన ఆ ఏడెనిమిది రెట్ల వేగం ఆ కాష్ చలవే. బ్యాటరీ బాగుంటే అందులో తప్పేమీ లేదు. బాగుందో లేదో చూసుకోవడం కంపెనీ పని, ఆ పని వాళ్లు చేయలేదు.

ఇక స్నాప్‌షాట్. అది ప్రతి రోజూ తెల్లవారుజామున 3 గంటలకు తీస్తారు. కూలింది 1.40కి కాబట్టి, చేతిలో ఉన్న స్నాప్‌షాట్ 22 గంటల 40 నిమిషాల పాతది. పైగా ప్యానెల్‌లో రీస్టోర్ అన్న బటన్ ఒక్కటే ఉంది. దాన్ని నొక్కితే పాత ప్రతి వచ్చి ఇప్పుడున్న డిస్క్ మొత్తం మీద కూర్చుంటుంది. ఒక ఫోల్డర్‌ను మాత్రమే తెచ్చుకోవడానికి గాని, ఆ ప్రతిని దించుకోవడానికి గాని దారి లేదు. కంగారులో ఆ బటన్ నొక్కి ఉంటే, చెక్కుచెదరకుండా ఉన్న ఆనాటి స్కాన్ కాగితాలన్నీ నా చేతులతో నేనే చెరిపేసుకునేవాణ్ణి. రెస్క్యూ మోడ్‌లోకి (సర్వర్‌ను వేరే చిన్న వ్యవస్థతో లేపే పద్ధతిలోకి) వెళ్లి, డిస్క్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి (జోడించి), ముందు ఆ కాగితాలను బయటికి లాగాను. ఇన్నోడీబీ బలవంతపు రికవరీని 1 నుంచి 3వ స్థాయి వరకు ప్రయత్నించాను. 4, ఆపైన అంకెలు డేటాను శాశ్వతంగా పాడు చేయవచ్చని మాన్యువల్లోనే హెచ్చరిక ఉంది, కాబట్టి అక్కడ ఆగాను.

కాపాడింది వేరే కంపెనీ స్టోరేజ్‌లో నేను సొంతంగా పెట్టుకున్న గంటగంటకూ తీసే డంపు (డేటాబేస్‌లోని డేటా మొత్తాన్ని ఫైల్‌గా రాసిన ప్రతి). 1 గంటకు తీసినది దొరికింది. కొత్త సర్వర్ తెరిచి దాన్ని ఎక్కించాక, మధ్యలోని 40 నిమిషాల్లో పోయినవి మూడు రసీదులు. వాటిని ఈమెయిల్ కాపీలు చూసి చేత్తో ఎక్కించాను. న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. తర్వాత ఒక తాత్కాలిక సర్వర్ మీద ఆ స్నాప్‌షాట్‌ను రీస్టోర్ చేయించి చూస్తే, 1 గంట 35 నిమిషాలు పట్టినా, డేటాబేస్ తనను తాను సర్దుకుని లేచింది. స్నాప్‌షాట్ అంటే నడుస్తున్న యంత్రానికి ప్లగ్గు లాగేసిన క్షణంలో డిస్క్ ఎలా ఉంటుందో అలాంటి ప్రతి కాబట్టి, ఆ మాత్రం సర్దుబాటు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి బాగానే ఉంది, కాకపోతే అది నిన్నటిది.

సొంత డంపులను గుడ్డిగా నమ్మడం కూడా మంచిది కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ నిల్వ సేవ అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేసినప్పుడు, సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. 9.6 వెర్షన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద 9.2 వెర్షన్ సాధనం నడుస్తున్నందువల్ల వాళ్ల డంపులు విఫలమవుతూ వచ్చాయి. ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది, వేరే పని కోసం 6 గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్. నా అనుభవానికి ఇది సరిగ్గా తలకిందులు, అందుకే నేను రెండింటినీ ఉంచుకుంటున్నాను, కాకపోతే ఒకే గూటిలో కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సర్వర్ల కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. రెయిడ్ దీనికి విరుగుడు కాదని వేరే చెప్పనక్కరలేదు. ఒక డిస్క్ చెడితే ఆదుకుంటుంది గాని, చెరిపేసిన ఫైల్‌ను అది అన్ని డిస్కుల మీదా నిక్కచ్చిగా చెరిపేస్తుంది.

ఇప్పటి ఏర్పాటు ఇది. సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో (డంపు మొత్తం ఒకే క్షణపు స్థితిని చూపేలా) గంటకొక డంపు తీసి, రెస్టిక్ అనే బ్యాకప్ సాధనంతో ఎన్‌క్రిప్ట్ చేసి వేరే కంపెనీకి పంపుతున్నాను. సర్వర్‌లో ఉన్న తాళానికి (ఆ స్టోరేజ్‌లోకి వెళ్లే రహస్య కీకి) అక్కడ కొత్తవి రాసే హక్కే గాని పాతవి చెరిపే హక్కు లేదు, కాబట్టి సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా పాత ప్రతుల జోలికి పోలేరు. నెలకొకసారి ఖాళీ సర్వర్ మీద మొత్తం రీస్టోర్ చేసి చూస్తాను. మొదటిసారే ఒక తప్పు బయటపడింది: స్కాన్ కాగితాల ఫోల్డర్‌ను కొత్త చోటికి మార్చిన రోజు నుంచి అది బ్యాకప్ జాబితాలో లేదు.

యంత్రం స్థిరత్వానికి, రాత్రివేళ అందిన సహాయానికి ఆ కంపెనీకి 5కి 4 ఇస్తాను. స్నాప్‌షాట్ సదుపాయానికి 2. ఆగిన 3 గంటల 50 నిమిషాలకు వాళ్లు తగ్గించింది ఒక రోజు అద్దె. గడువు ముగిసినప్పుడు సర్వర్‌ను మరో ఏడాదికి పొడిగించుకున్నాను, రెయిడ్ బ్యాటరీ మార్చినట్టు టికెట్‌లో రాయించుకున్న తర్వాతే. స్నాప్‌షాట్ రుసుము కూడా కడుతున్నాను గాని, తీసే సమయాన్ని నెలకు రెండుసార్లు మార్చుకునే వీలు ఇటీవల ఇచ్చారు కాబట్టి, దాన్ని రసీదుల పని ముగిసే రాత్రి 11 గంటలకు జరిపాను.