బోర్డు ఊడొచ్చే ఫ్యాను: నాలుగేళ్ల తర్వాత

మోటారుని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు నడిపించే, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లతో కరెంటు ఆదా గురించి అందరూ రాశారు. నేను రాసేది స్టూలెక్కితే కనిపించే రెండు స్క్రూల గురించి.

శ్రీకాకుళంలో మా ఇంటికి నాలుగేళ్ల కిందట రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొన్నాం, హాల్లోకి ఒక కంపెనీది, పడగ్గదిలోకి ఇంకో కంపెనీది. రెండో వేసవిలో ఓ సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోతూ వస్తూ, పోతూ వస్తూ రెండింటినీ ఆపేసింది. రిమోట్లో బ్యాటరీలు మార్చి చూశాను. అమ్మ విసనకర్ర తీసింది.

మూడో రోజు హాల్లో ఫ్యానుకి కంపెనీ సర్వీసు కుర్రాడొచ్చాడు. కింది మూత తిప్పి, రెండు స్క్రూలు విప్పి, ప్లగ్గు లాగితే అరచేతిలో పట్టేంత పచ్చ బోర్డు ఊడొచ్చింది. కొత్తది గుచ్చాడు. అమ్మ టీ తెచ్చేసరికి గాలి! పాత బోర్డు పారేద్దామని చెయ్యి చాపితే ఇవ్వలేదు. "కంపెనీకి వెళ్లాలండి. కాలిన పార్టు మార్చి ఇంకో ఫ్యానుకి వేస్తారు, నేను లెక్క చెప్పాలి." అంతవరకూ ఆ స్క్రూలు నా సుఖం కోసమనుకున్నాను. వారంటీ ఖర్చు వాళ్లదే కదా. మోటారు మోసుకెళ్లే కన్నా బోర్డు సంచిలో వేసుకుపోవడం వాళ్లకీ చవకే.

పడగ్గది ఫ్యానుకి వారంటీ ఏడాదే. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మోటార్లు చుట్టే మెకానిక్ విప్పి చూసి, "దీన్నేటి చేస్తాం బాబూ, బోర్డు మీద గమ్ము పోసేశారు" అన్నాడు. తేమ తగలకుండా రెజిన్ పోస్తారట, మన సముద్రపు గాలికి అదీ అవసరమేనేమో. కంపెనీ మాత్రం మోటారు మొత్తం మార్చాలంది. ఇంకాస్త వేస్తే కొత్త ఫ్యానే వస్తుంది. రాగి తీగ బాగుంది, అయస్కాంతాలు బాగున్నాయి, అన్నీ కలిపి పాత సామాన్లవాడికి పోయాయి.

అయితే పోయినేడాది హాల్లో బోర్డు మళ్లీ పోయింది. ఈసారి వారంటీ లేదు, 900 రూపాయలు. పాత ఫ్యాను 75 వాట్లు, ఇది 30. రోజుకి పదిహేను గంటలు తిప్పితే నెలకి ఇరవై యూనిట్లు మిగులుతాయి. అంటే తొమ్మిది నెలల ఆదా ఒక్క ఉరుముకి సరి. పైగా ఆ బోర్డు బజార్లో దొరకదు, తొమ్మిది రోజులు ఆగాం. మామూలు ఫ్యానుకైతే మన మెకానిక్ ఆ పూటే కెపాసిటర్ మార్చేసేవాడు.

రాత్రీ పగలూ తిప్పే ఇల్లు మాది, పైగా సర్వీసు కుర్రాడు ఊళ్లోనే ఉంటాడు, కాబట్టి నేనైతే మళ్లీ ఇదే కొంటాను. ఇచ్ఛాపురంలో మామయ్య అడిగితే మాత్రం తొందరపడొద్దన్నాను. మా పడగ్గదిలో అటక మీది పాత ఫ్యానే దించి బిగించాం. అమ్మ పడుకునేది దాని కిందే.