గోదావరి పాయల్లో సేఫ్టీ యాప్: రెండు వానాకాలాలు వాడాక

గౌతమి పాయల్లో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసుకుని తిరిగేటప్పుడు, ఏటిగట్టు మీద సైకిల్ తొక్కేటప్పుడు నేను ఒక సేఫ్టీ యాప్ వాడుతుంటాను. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో ముందే అందులో రాసిపెట్టాలి. ఆ టైముకి "వచ్చేశాను" అని నొక్కకపోతే మనం ఇచ్చిన నంబర్లకు మెసేజ్ పోతుంది. దాని పని ఇంతే.

ఇందులో మెచ్చుకోవాల్సింది టైమర్. అది నడిచేది మన ఫోన్లో కాదు, వాళ్ల సర్వర్లో. ఫోన్ నీళ్లలో పడినా, చార్జింగ్ అయిపోయినా టైమర్ ఆగదు. ఎర్ర బటన్ ఒకటి పెట్టి ఆపదలో నొక్కమనే యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు. కోరంగి మడ అడవుల వైపు లోపలి పాయల్లో టవర్ అందదు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు కాబట్టి మనం ఎక్కడున్నామో మనకి తెలుస్తుంది. ఆ సంగతి ఇంకొకరికి చేరాలంటే మాత్రం సిగ్నల్ ఉండాల్సిందే.

ఒక సాయంత్రం ఆటు మొదలై నేనున్న పాయలో నీరు తీసేసింది. కయాక్ బురదలో కూరుకుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడే బురద అది. మళ్లీ పోటు వచ్చేదాకా కదలకుండా కూర్చోవడమే క్షేమం. ఈలోగా టైము దాటింది, అమ్మకి మెసేజ్ వెళ్లింది. మొదటి మాటే ఎమర్జెన్సీ అని, అదీ ఇంగ్లీషులో. తర్వాత అక్షాంశం, రేఖాంశం అంకెలు, ఒక లింకు. అమ్మ ఫోన్లో నెట్ ప్యాక్ ఉండదు, లింకు తెరుచుకోలేదు. ఆవిడ పడ్డ టెన్షన్ తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

అక్కరకొచ్చింది అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉన్న నా నోట్. "రేవు దాటాక ఎడమ చేతి వైపు రెండో పాయ" అని తెలుగులో రాసిపెట్టాను. అమ్మ రేవు దగ్గర నావ ఉన్న బాబాయ్‌కి ఫోన్ చేసి అది చదివి వినిపించింది. "ఈ పూట ఆ పాయలో నీరుండదు వదినా. పోటెక్కాక వచ్చేస్తాడు. ఎనిమిదింటికి రాకపోతే నేను నావేసుకెళ్తా" అన్నాడట.

ఇలాంటి యాప్ తయారుచేసేవాళ్లు బయట తిరిగేవాడి కన్నా ముందు ఇంట్లో ఆ మెసేజ్ చదివే మనిషిని తలుచుకోవాలి. "చెప్పిన టైముకి ఇంకా రాలేదు" అని మొదట తెలుగులో రావాలి. మనం రాసిన నోట్ పైనే కనపడాలి. ముందు ఎవరికి ఫోన్ చేయాలో, ఎంతసేపు చూసి 112కి చెప్పాలో వరసగా ఉండాలి. సముద్రపు మొగ వైపు వెళ్లేవాళ్లకి కోస్ట్ గార్డ్ నంబరు 1554 కూడా అక్కడే ఉండాలి. అంకెలు తీసేయమనను. దశాంశం తర్వాత నాలుగు స్థానాలుంటే సుమారు 11 మీటర్ల తేడాలో చోటు దొరుకుతుంది, వెతికేవాళ్లకి అది కావాలి.

వాతావరణం పేజీ మన డెల్టాకి చాలదు. ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎగువ వానలకి వరద వచ్చేస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంకల్లో వాళ్లు రేవు దాటాలా వద్దా అన్నది ఆ మట్టం చూసుకునే తేల్చుకుంటారు. యాప్‌లో అది లేదు, ఆటుపోట్ల వేళలూ లేవు. పిడుగుల కోసం పూణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ వేరే పెట్టుకున్నాను.

ఇంకొకటి. ఫోన్లో బ్యాటరీ సేవర్ ఉంటే వెనకాల నడిచే ఈ యాప్‌ని ఆపేస్తుంది, ఇంటికి పాత లొకేషనే వెళ్తుంది. సెట్టింగ్స్‌లో దీనికి ఆ పరిమితి తీసేయాలి.

చందా కడుతూనే ఉన్నాను, టైమర్ ఒక్కదానికే ఆ డబ్బు ఇవ్వొచ్చు. తెలుగు మెసేజ్ గురించి మాత్రం వాళ్లకి రాస్తూనే ఉన్నాను. వాడేవాళ్లు మీరూ రాయండి.